నిలిచిన లారీకి నడిచే ఇంజను

గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె దాకా రైలు దారి పడింది 1916లో, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే హయాంలో. ఆ దారిలోని చిన్న స్టేషన్లలో ఒకటి సంగం జాగర్లమూడి. ఊరి పక్కగా ముందు బొగ్గు పొగ, తర్వాత డీజిల్ పొగ వదులుతూ తరాల తరబడి రైళ్లు వెళ్లాయి. 2019లో గుంటూరు–తెనాలి మధ్య రెండో లైను, దానితో పాటే కరెంటు తీగలు వచ్చాయి. కరెంటు ఇంజను తగిలించిన రైలు ఇప్పుడు ఈ ఊళ్ల గాలిలో ఏమీ కలపకుండా వెళ్లిపోతోంది. ఆ రైలు కోసం గేటు పడినప్పుడు మాత్రం రోడ్డుకు రెండు వైపులా లారీలు, టిప్పర్లు, ట్రాక్టర్లు, బస్సులు బారులు తీరతాయి. వాటిలో చాలా వాటి ఇంజన్లు ఆగవు. రెండు లైన్లున్న చోట ఒక బండి వెళ్లాక రెండోదాని కోసం గేటు అలాగే వేసి ఉంచడమూ మామూలే. పట్టాల మీద పొగను తీసెయ్యడానికి దేశం ఎంతో డబ్బు పెట్టింది. పట్టాలకు పది గజాల దూరంలో నిలిచిన ఇంజన్ల నుంచి వచ్చే పొగ గురించి రాసిన నియమం మాత్రం ఒక్కటీ లేదు. బరువు వాహనాలు ఆగినచోట ఇంజను ఎంతసేపు నడపవచ్చో చెప్పే నియమం స్థానికంగా, చోటును బట్టి ఉండాలనీ, కొత్త రకం ఇంజన్లు వచ్చాక దాని అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదనీ నా వాదన. రెండో మాట వినగానే తలకిందులుగా తోచవచ్చు. ఇంజను లోపల జరిగేది చూస్తే అలా తోచదు.

డీజిల్ ఇంజను లోపలికి వెళ్లే గాలిని, పెట్రోలు ఇంజనులో మాదిరిగా, మూత బిగించి తగ్గించరు. గాలి దాదాపు నిండుగానే వెళ్తుంది. పని ఎక్కువైతే ఎక్కువ డీజిల్, తక్కువైతే తక్కువ డీజిల్ చిమ్ముతారు. లారీ నిలబడి ఇంజను నిమిషానికి 600 నుంచి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు సిలిండరులోకి పడే డీజిల్ చాలా కొంచెం, చుట్టూ ఉన్న గాలి చాలా ఎక్కువ. అందుకే మంట వేడి పడిపోతుంది. సిలిండరు గోడలకు తగిలిన డీజిల్ తుంపర పూర్తిగా కాలకుండానే బయటికి వస్తుంది. నిలిచిన లారీ వెనక నిలబడితే కళ్లు మండించే ఘాటు ఇలా సగం కాలిన ఇంధనానిదే; అందులో ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనాలు ఉంటాయి. దాంతో పాటు మసి. ఆ మసి రేణువుల్లో చాలా భాగం మీటరులో కోటో వంతు సైజువి, అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు దగ్గరగా ఉంటాయి. కంటికి నల్లగా కనబడే పొగ కంటే కనబడని ఈ రేణువులే ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతాయి. ఇంత జరిగినా ఆ ఇంజను చేసిన పని ఏమీ ఉండదు. గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల డీజిల్ తన రాపిడిని తాను తట్టుకోవడానికీ, ఆల్టర్నేటరు, ఎయిర్ కంప్రెసర్ తిప్పడానికీ ఖర్చయిపోతుంది. ఏసీ వేసుకుని నిలిచే అమెరికా పెద్ద ట్రక్కులకైతే అది మూడు లీటర్ల దాకా వెళ్తుంది.

ఇక కొత్త ఇంజన్ల సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణం వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి తగ్గింది. లారీల పొగ గొట్టానికి రెండు ముఖ్యమైన పరికరాలు చేరాయి: మసిని పట్టే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టే ఉత్ప్రేరకం. డ్రైవర్లు యాడ్‌బ్లూ అనీ, యూరియా నీళ్లనీ పిలిచే ద్రావణం పోసేది ఈ రెండోదాని కోసమే. యూరియా ద్రావణం వేడికి అమ్మోనియాగా మారి, ఉత్ప్రేరకం మీద నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి వాటిని మామూలు నైట్రోజనుగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. బరువు లాగే లారీలో ఇది చాలా బాగా పనిచేస్తుంది. అయితే ఉత్ప్రేరకం సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంటేనే ఈ పని సాగుతుంది. పెనం కాగకుండా పోసిన దోసె ఎలా అంటుకుపోతుందో, చల్లని గొట్టంలో చిమ్మిన యూరియా కూడా అలాగే గడ్డకట్టి దారి మూసేస్తుంది. అందుకని వేడి చాలనప్పుడు కంప్యూటరు ద్రావణాన్ని చిమ్మనే చిమ్మదు. ఊరికే తిరిగే ఇంజను వదిలే పొగ వేడి ఎక్కువగా 100 నుంచి 150 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైగా, ముందు చెప్పినట్టు, నిండుగా వెళ్లే చల్లని గాలి అప్పటిదాకా వేడిగా ఉన్న ఉత్ప్రేరకాన్ని నిమిషాల్లో చల్లార్చేస్తుంది. అంటే నిలబడి నడిచే బీఎస్-6 లారీ నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో ఆ పరికరం లేని పాత లారీ దారిలోకి జారుకుంటుంది. ఇంజను ఆపేస్తే గాలి ప్రవాహం ఆగి ఉత్ప్రేరకంలోని వేడి కొంతసేపు నిలుస్తుంది. "ఆపితే చల్లారిపోతుంది కదా, నడవనిస్తేనే మేలు" అన్న తర్కం ఇక్కడ తిరగబడేది ఇందుకే. మసి ఫిల్టరుకు కూడా ఇదే చిక్కు. చల్లని పొగలో పేరుకున్న మసి కాలదు. పేరుకుపోయాక దాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చెయ్యడానికి మళ్లీ అదనంగా డీజిల్ పొయ్యాలి.

అమెరికాలో రోడ్డు మీద నడిచే భారీ డీజిల్ వాహనాలను పరిశీలించి అంతర్జాతీయ శుద్ధ రవాణా మండలి 2019లో ఒక నివేదిక ఇచ్చింది. గంటకు 40 కిలోమీటర్ల లోపు వేగంలో దూరప్రయాణపు లారీల నైట్రోజన్ ఆక్సైడ్లు ధ్రువీకరణ పరిమితికి అయిదు రెట్లకు పైగా ఉన్నాయని అందులో తేలింది. పరీక్షల్లో నెగ్గిన ఇంజను రోడ్డు మీద ఇలా ఎందుకవుతుంది? పరీక్షలు తక్కువ శక్తితో నడిచే వేళల్ని సరిగ్గా పట్టించుకోలేదు. మన బీఎస్-6కు మాతృక అయిన యూరో-6 తొలి నియమాల్లో, రోడ్డు మీద కొలిచేటప్పుడు ఇంజను గరిష్ఠ శక్తిలో అయిదో వంతు కూడా వాడని భాగాలను లెక్కలోంచి తీసేసేవారు. తర్వాత ఆ హద్దును పదో వంతుకు తగ్గించారు. మన దగ్గర రోడ్డు మీద తిరిగే బండికి ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ మరీ తక్కువ చూస్తుంది. డీజిల్ బండి నిలిపి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కి, ఆ క్షణంలో వచ్చిన పొగ ఎంత వెలుతురును అడ్డుకుంటుందో కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవరు. కాబట్టి "నా బండికి సర్టిఫికెట్ ఉంది" అన్న జవాబు, గేటు దగ్గర పావుగంట నడిచిన ఇంజను గురించి ఏమీ చెప్పదు. కర్మాగారంలో తయారయ్యే ప్రమాణం చేరలేని చోటు ఇది. బండి ఎక్కడ, ఎంతసేపు నిలిచిందో చూడగలిగేది ఆ చోటే.

చోటు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ వాదనకు వచ్చే పెద్ద అభ్యంతరం, గడ్డి తగలబెట్టడం, ఇటుక బట్టీలు, రోడ్డు దుమ్ము, బావుల దగ్గరి జనరేటర్లు ఇన్ని ఉండగా నిలిచిన లారీలది ఎంత భాగం అన్నది. జిల్లా మొత్తం గాలిని ఒక గిన్నెగా లెక్కగడితే నిజంగానే అది చిన్న భాగం. మనుషులు పీల్చేది మాత్రం జిల్లా సగటు గాలిని కాదు, ముక్కు ముందున్న గాలిని. లాస్ ఏంజిలిస్‌లో డీజిల్ లారీలు ఎక్కువగా తిరిగే 710 నంబరు రహదారి పక్కన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రచురించిన కొలతల ప్రకారం, రోడ్డు అంచున ఎంతో ఎక్కువగా ఉన్న అతి సూక్ష్మ రేణువులు 300 మీటర్ల దూరానికి చేరేసరికి చుట్టుపక్కల గాలితో సమానమయ్యాయి. అంటే హాని ఆ 300 మీటర్ల లోపల చిక్కగా ఉంటుంది. నడిచే లారీ తన పొగను దారి పొడవునా పంచిపెట్టి, చక్రాల గాలికి చెదరగొడుతుంది. నిలిచిన లారీ ఒకే చోట, నడుమెత్తులో, గాలి కదలని వేళ పోస్తుంది. డెల్టాలో కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున కాలవల మీద మంచు దిగి, కింద చల్లగాలి మీద వెచ్చగాలి మూతలా పడుతుంది. ఆ గంటల్లో వదిలిన పొగ పైకి పోదు. సరిగ్గా అవే గంటల్లో పాల ట్యాంకర్లు, కూరగాయల లారీలు, కాలేజీ బస్సులు కదులుతాయి.

హాని ఎంతటిదో ఊహించుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. 1988 నుంచి అప్పటిదాకా అది "బహుశా" అన్న జాబితాలో ఉండేది. ఈ మార్పుకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి, అమెరికాలో లోహేతర గనులు ఎనిమిదింటిలో పనిచేసిన 12,315 మంది కార్మికుల ఆరోగ్య చరిత్ర. గనిలో డీజిల్ యంత్రాల పొగ ఎంత ఎక్కువ పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు అంత పెరిగాయి. గని మూసిన చోటు, మన రోడ్డు తెరిచిన చోటు. ఆ మోతాదునే ఇక్కడ ఊహించకూడదు. అయినా రోజుకు పది గంటలు లారీల బారు పక్కనే గడిపే గేట్‌మన్, టీ కొట్టు మనిషి, కాటా దగ్గర గుమస్తా, బస్తాలు మోసే హమాలీ ఏళ్ల తరబడి పీల్చే గాలి, ఇంట్లో కూర్చుని పీల్చేవాడి గాలితో సమానమని ఎవరూ అనలేరు. హమాలీ బరువు మోస్తూ మనకంటే ఎన్నో రెట్లు గాలి లాగుతాడు. బడి బస్సు వెనక వరసలో నిలిచే పిల్లలు ఒంటి బరువుతో పోలిస్తే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ల ముక్కు ఎత్తు పొగ గొట్టానికి మరింత దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 రేణువులకు ఏడాది సగటు హద్దును ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములకు దించింది. మన జాతీయ ప్రమాణం 2009 నుంచి 40 దగ్గరే ఉంది. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో గుంటూరు పేరుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె పేర్లు లేవు. పెద్ద నగరానికి ప్రణాళిక, నిధులు వస్తాయి. నగరానికి సరుకు మోసే దారి పక్క ఊళ్లకు ఆ సరుకు మోసే బళ్ల పొగ వస్తుంది.

ఈ గుంటూరు–తెనాలి దారి సరుకు దారి. వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది, విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది. ఒకదానికి ట్యాంకర్లు, రెండోదానికి బస్సులు. దుగ్గిరాలలో పసుపు యార్డు, తెనాలిలో నిమ్మకాయల యార్డు, గుంటూరులో మిర్చి యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు. కింద రేపల్లె వైపు నిజాంపట్నం రేవు నుంచి చేపల, రొయ్యల బళ్లు. పైన అమరావతి పనులకు టిప్పర్లు. వీటన్నిటిలో ఒక లక్షణం సామాన్యం: బండి నడిచే గంటలకంటే నిలిచే గంటలు కొన్నిసార్లు ఎక్కువ. మిర్చి సీజనులో యార్డు బయట, ధాన్యం రోజుల్లో మిల్లు బయట, కాటా దగ్గర, అన్‌లోడింగ్ వంతు కోసం లారీలు నిలుస్తాయి. ఒక లెక్క వేసి చూద్దాం. గంటకు లీటరున్నర చొప్పున, రోజుకు ఒక గంట, ఏడాదికి 300 రోజులు ఊరికే నడిచిన ఇంజను 450 లీటర్లు తాగుతుంది. లీటరు 95 రూపాయలనుకున్నా 42,750 రూపాయలు. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది కాబట్టి గాలిలోకి 1,200 కిలోలకు పైగా చేరుతుంది. ఒక లారీకి ఇది. సొంత లారీ నడుపుకునేవాడికి ఆ డబ్బు ఈఎంఐలో ఒకటో రెండో వాయిదాలు.

మరి అంత నష్టమైతే డ్రైవర్లే ఎందుకు ఆపరు? వాళ్లకు కారణాలున్నాయి, కొట్టిపారెయ్యదగ్గవి కావు. మొదటిది, సెల్ఫ్ మీద నమ్మకం లేకపోవడం. బ్యాటరీ దిగిపోయిన బండిని ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని, గేటు ఎత్తాక వెనక హారన్ల మోతలో తోయించుకోవాల్సి వస్తుందని భయం. దీనికి మందు బ్యాటరీ మార్చడం; పైన చెప్పిన ఏడాది వృథాకంటే బ్యాటరీల జత చవక. రెండోది, ఎయిర్. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, ఆ గాలిని నింపేది ఇంజను తిప్పే కంప్రెసరు. ఆపితే ఎయిర్ దిగిపోతుంది, మళ్లీ పట్టడానికి నిమిషాలు పడుతుంది అంటారు. మంచి స్థితిలో ఉన్న బ్రేకు వ్యవస్థలో పావుగంట ఆపితే ఒత్తిడి అంతగా పడకూడదు. పడుతోందంటే ఎక్కడో గొట్టమో వాల్వో లీకవుతోంది; ఆ లీకును ఇంజను నడిపి కప్పిపుచ్చడం పొగకంటే పెద్ద ప్రమాదం. మూడోది టర్బో. దూరం నుంచి బరువుతో వచ్చిన ఇంజనును టక్కున ఆపితే టర్బో బేరింగులకు నూనె అందక కాలిపోతాయన్నది నిజం. తయారీదార్లే ఒకటి నుంచి మూడు నిమిషాలు నడిపి ఆపమంటారు. అందుకే చాలా చోట్ల నియమాలు ఆగిన క్షణమే ఆపెయ్యమనవు. నాలుగోది, మళ్లీ స్టార్టు చేస్తే ఎక్కువ డీజిల్ తాగుతుందన్న నమ్మకం. కార్ల మీద అమెరికా ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల చేసిన కొలతల్లో పది సెకన్లకు మించి నిలిచేట్టయితే ఆపడమే లాభమని తేలింది. లారీకి స్టార్టర్ అరుగుదల కూడా కలిపి లెక్కగట్టినా నిమిషాల్లోనే లాభం ఆపే వైపు మొగ్గుతుంది. ఊరికే నడిపినా ఇంజనుకు అరుగుదల తప్పదు: కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది, ఇంజెక్టర్ల మొనలకు బొగ్గు కడుతుంది.

ఇదే సంశయం భారతీయ రైల్వేకు ఉండేది. డీజిల్ రైలింజన్లను యార్డుల్లో గంటల తరబడి నడుస్తూనే వదిలేసేవారు. ఆపితే బ్యాటరీ చాలదేమో, బ్రేకు గాలి దిగుతుందేమో అని. లారీ డ్రైవరు చెప్పే కారణాలే. నిలిచిన రైలింజను గంటకు దాదాపు 25 లీటర్లు తాగేది. దానికి పరిష్కారంగా బ్యాటరీనీ గాలినీ చూసుకోవడానికి చిన్న సహాయక డీజిల్ ఇంజను అమర్చి, పెద్ద ఇంజను దానంతట అదే ఆగిపోయేలా చేశారు. చిన్నది గంటకు సుమారు 3 లీటర్లే తాగుతుంది. ఆర్టీసీలో ప్రతి డ్రైవరుకూ కేఎంపీఎల్ లెక్క ఉంటుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది. బస్టాండులో ఇంజను ఆపమని డిపోల్లో చెప్పడం ఆ లెక్కలో భాగమే. లీటరుకు అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా నడిచే బస్సులో వృథా అయిన ప్రతి లీటరూ ఒక ఊరి దూరం. కాబట్టి ఆపడం సాధ్యమా అన్న ప్రశ్నకు మన దేశంలోనే జవాబు ఉంది. లెక్క చూసే సంస్థ ఉన్నచోట ఇంజను ఆగుతోంది. లెక్క ఎవరిదీ కానిచోట, అంటే గేటు దగ్గర, యార్డు బయట, ఆగడం లేదు.

చట్టం ఏం చెబుతోంది? 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను, బహిరంగ స్థలంలో బండి నిలిపినప్పుడు లైసెన్సున్న మనిషి డ్రైవరు సీట్లో ఉండాలి, లేదంటే ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి అంటుంది. బండి దానంతట అది కదిలి ఎవరినీ గుద్దకూడదన్నది దాని ఉద్దేశం. డ్రైవరు సీట్లో కూర్చుని ఉంటే రోజంతా ఇంజను నడిపినా ఈ సెక్షను అడ్డు చెప్పదు. అదే చట్టం 190వ సెక్షను రెండో ఉపవిధి గాలి కాలుష్య ప్రమాణాలు మీరిన బండికి 2019 సవరణ తర్వాత పది వేల రూపాయల దాకా జరిమానా అంటుంది. నిలిచిన ఇంజనుకు ప్రమాణమే రాయనప్పుడు మీరడమన్నది ఉండదు. ఢిల్లీలో 2020 అక్టోబరులో సిగ్నళ్ల దగ్గర బళ్ల ఇంజన్లు ఆపమని ప్రచారం చేశారు, అది విజ్ఞప్తి మాత్రమే. ఇతర దేశాలు నిమిషాల్లో చెప్పాయి. టొరంటో నగరం 1996లోనే మూడు నిమిషాల హద్దు పెట్టింది, తర్వాత ఒక నిమిషానికి తగ్గించింది. కాలిఫోర్నియా బడుల దగ్గర బస్సులకు 2003లో నియమం పెట్టింది; పెద్ద డీజిల్ లారీలకు 2005లో అయిదు నిమిషాల హద్దు పెట్టి, నిద్ర క్యాబిన్లున్న లారీలను 2008లో అందులోకి తెచ్చింది. న్యూయార్కు నగరంలో మూడు నిమిషాలు, బడి పక్కన ఒక్క నిమిషం. వీడియో తీసి పంపిన పౌరుడికి జరిమానాలో నాలుగో వంతు వాటా. హాంగ్‌కాంగ్‌లో 2011 డిసెంబరు నుంచి గంటలో మూడు నిమిషాలు.

హాంగ్‌కాంగ్ నియమంలో మనకు బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది: వాతావరణ శాఖ తీవ్రమైన ఎండ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో ఆ నియమం వర్తించదు. ఆ మినహాయింపు వెనక ఉన్నది నిజమైన సమస్య, నిజానికి ఈ విషయంలో అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం. మే నెలలో ఇంజను మీద కూర్చున్నట్టుండే క్యాబిన్లో, వంతు కోసం ఆరు గంటలు నిలిచిన డ్రైవరును, ఫ్యాను కూడా ఆపి కూర్చోమని చెప్పే హక్కు ఏ నియమానికీ ఉండకూడదు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఎండ హెచ్చరికలుండే చోట మినహాయింపు పెడితే నియమమే మిగలదు. కాబట్టి బాధ్యతను సరైనవాడి మీద పెట్టాలి. ఆ ఆరు గంటల నిరీక్షణ డ్రైవరు తయారుచేసినది కాదు, పొద్దున్నే అందరినీ ఒకేసారి రమ్మని సాయంత్రం దాకా కాటా వెయ్యని యార్డుదో మిల్లుదో. కాలిఫోర్నియా 2002లో చేసిన ఒక చట్టం ఈ దారి పట్టింది. లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్, ఓక్లాండ్ రేవుల్లో లారీలు అరగంటకు మించి గేటు దగ్గర ఇంజను నడుపుతూ నిలిస్తే జరిమానా లారీకి కాదు, రేవు టెర్మినల్ నడిపే కంపెనీకి. ఒక్కోసారికి 250 డాలర్లు. టెర్మినళ్లు జరిమానా తప్పించుకోవడానికి ముందస్తు వేళలు కేటాయించే పద్ధతి పెట్టాయి. అయితే ఆ పద్ధతి వల్ల బారులు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2007లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. వేళ ఇచ్చినా, వేళకు వచ్చిన లారీకి లోపల ప్రత్యేకమైన దారి ఇవ్వకపోతే టోకెను కాగితం ముక్కే. మన యార్డుల్లో టోకెను పద్ధతి పెట్టేవారు ఈ అనుభవాన్ని ముందే చదువుకోవాలి: టోకెనుతో పాటు, టోకెను వేళ దాకా బండి నిలపడానికి నీడ, డ్రైవరు నడుం వాల్చడానికి షెడ్డు, ఫ్యాను, మంచినీళ్లు యార్డు ఆవరణలోనే ఉండాలి. అవి ఉన్నాక ఇంజను ఆపమనడం న్యాయం.

స్థానికంగా దీన్ని ఎవరు చెయ్యగలరన్నది తర్వాతి ప్రశ్న. పంచాయతీ రోడ్డు మీద లారీని ఆపి మోటారు వాహనాల చట్టం కింద జరిమానా రాయలేదు. ఆ పని పోలీసులది, రవాణా శాఖది. అయినా తాళం ఉన్న గేట్లన్నీ స్థానికుల చేతుల్లోనే ఉన్నాయి. వ్యవసాయ మార్కెట్ కమిటీ తన యార్డులో, డెయిరీ, మిల్లు, కోల్డ్ స్టోరేజీ, కాలేజీ తమ ఆవరణల్లో నియమం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బహిరంగ చోటులో హాని కొనసాగుతుంటే దాన్ని తొలగించమని కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఆదేశించే అధికారం పాత నేర విచారణ స్మృతిలో 133వ సెక్షనుగా ఉండేది, 2024 జులై నుంచి అమలైన కొత్త స్మృతిలో 152వ సెక్షనుగా ఉంది. మురుగు కాలవల విషయంలో రత్లాం పురపాలక సంఘం చేత పని చేయించడానికి 1980లో సుప్రీంకోర్టు ఈ సెక్షనునే ఆధారం చేసుకుంది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. తెనాలి రెవెన్యూ డివిజను కేంద్రం. ఆ మేజిస్ట్రేటు అధికారం పట్టణంలోనే ఉంది. మినహాయింపులు ముందే స్పష్టంగా రాసుకోవాలి. కాంక్రీటు కలుపుతూ డ్రమ్ము తిప్పే బండి, బోరు వేసే బండి, అంబులెన్సు, ఫైరింజను ఇంజను నడిపి తీరాలి. పాల ట్యాంకరు అలా కాదు: పాలు చల్లబరిచాకే నింపుతారు, ట్యాంకు గోడల మధ్య వేడి చొరబడకుండా పొర ఉంటుంది, బండి ఇంజను పాలను చల్లగా ఉంచదు. రొయ్యల బళ్లలో ఐసు వేసుకొచ్చేదానికీ అవసరం లేదు, కూలింగ్ యంత్రం ఉన్నదానికి అవసరం. దానికి నిలిచినచోట కరెంటు ప్లగ్గు ఇస్తే ఆ అవసరమూ తగ్గుతుంది.

రైలు గేటు దగ్గర నియమం ఒక్కటే పనిచెయ్యదు, ఎందుకంటే అక్కడ డ్రైవరుకు తెలియనిది సమయం. గేటు రెండు నిమిషాల్లో ఎత్తుతారో పన్నెండు నిమిషాలకు ఎత్తుతారో తెలిస్తే ఎవరూ చెప్పకపోయినా చాలామంది ఆపుతారు. నగరాల్లో సిగ్నళ్లకు సెకన్ల లెక్క చూపించే దీపాలు పెట్టడం ఇందుకే ఉపయోగపడింది. గేట్‌మన్‌కు ఏ బండి వస్తోందో, దాని వెనక రెండో లైనులో ఇంకోటి ఉందో లేదో ముందే ఫోనులో తెలుస్తుంది. ఆ ఒక్క సమాచారాన్ని రోడ్డు వైపు తిప్పి, "రెండో బండి ఉంది" అని వెలిగే బోర్డుగా పెట్టడానికి అయ్యే ఖర్చు, గేటు స్థానంలో కట్టాల్సిన పైవంతెన ఖర్చు ముందు ఏపాటిది? వంతెన రావాలి, వస్తుంది కూడా. వచ్చేదాకా గడిచే ఏళ్లు కూడా పీల్చే ఏళ్లే.

కరెంటు బళ్లు వస్తున్నాయి కదా, ఈ తంటా ఎందుకన్న మాటకూ జవాబు చెప్పాలి. 2022 సెప్టెంబరులో తిరుమల కొండకు కరెంటు బస్సులు మొదలయ్యాయి, ఆ మార్పు నిజమే. కానీ లారీ ఆయుష్షు పదిహేనేళ్లకు పైమాటే. ఈ ఏడాది కొన్న డీజిల్ లారీ 2040లో కూడా తెనాలి రోడ్డు మీద ఉంటుంది. ఈలోగా ఇంకో మార్పు వచ్చింది. కేంద్రం 2023 డిసెంబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అది రావలసిన మార్పు, ఆలస్యంగా వచ్చింది. రోజుకు పన్నెండు గంటలు ఇంజను వేడిలో కూర్చునే మనిషికి అది సుఖం కాదు, ఆరోగ్యం. అయితే ఆ ఏసీ ఇంజను నడిస్తేనే నడుస్తుంది. ఇప్పటిదాకా ఉక్కకు తట్టుకోలేక లారీ దిగి చెట్టు కిందికి వెళ్లి, అందుకని ఇంజను ఆపిన డ్రైవరు కూడా ఇకమీద అద్దాలు ఎత్తుకుని లోపలే ఉంటాడు, ఇంజను నడుస్తుంది. అమెరికాలో డీజిల్ ఆదా చూపించి బ్యాటరీతో నడిచే క్యాబిన్ ఏసీలు, లారీ విశ్రాంతి స్థలాల్లో కరెంటు ప్లగ్గులు ప్రోత్సహించడం ఈ దశ దాటాకే మొదలైంది. మనకు ఆ వరస తిరగేసే అవకాశం ఇంకా ఉంది: మిర్చి యార్డులో, డెయిరీ ఆవరణలో, రేవులో లారీ నిలిచే గడులకు ఇప్పుడే కరెంటు లైను లాగి ఉంచితే, లారీ తయారీదార్లకు బయటి కరెంటుతో నడిచే ఏసీ అమర్చడానికి ఒక కారణం దొరుకుతుంది. ప్లగ్గు లేనిచోట ఎవరూ ఆ ఏసీ కొనరు, ఆ ఏసీ లేని లారీకి ఎవరూ ప్లగ్గు పెట్టరు. ఈ రెండిట్లో ముందు కదలగలిగేది యార్డే.